పటమున్న గోడే ఉత్తరం

మా చింతమెట్ట హైస్కూల్లో పోయిన జూలై దాకా సూర్యుడు తూర్పునే ఉదయించేవాడు. ఆ విషయంలో ఆయన మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. తర్వాత జరిగిన మార్పులో కూడా ఆయన తప్పేమీ లేదని, ఆ బడిలో సోషల్ చెప్పే మేస్టారుగా నేను ఎక్కడికొచ్చి అయినా సాక్ష్యం చెబుతాను.

గొడవ ఏడో తరగతి గదిలో మొదలైంది. ‘ఆకస్మిక అభ్యసన పరిశీలన’ కోసం, వారం ముందు నుంచీ ఫోన్లు చేయించి మరీ, జిల్లా నుంచి విశ్వంభరం గారు ఆకస్మికంగా వచ్చారు. ఆయన మామూలు తెలుగు మాట్లాడగా విన్నవాళ్ళు మా మండలంలో లేరు. దాహం వేస్తే “తాగునీటి ఆవశ్యకత ఏర్పడినది” అంటారు. మా హెడ్మిస్ట్రెస్ అనసూయ మేడం గ్లాసు అందించాక ఆవశ్యకత తీర్చుకుని, ముందు బెంచీలో ఉన్న సత్యవేణిని లేపారు.

సత్యవేణి మా ఖోఖో జట్టు కెప్టెన్. బెంచీ మీద కూచున్నా, ఎవరో వెనకనుంచి ‘ఖో’ అంటారన్నట్టు పరుగుకి సిద్ధంగా కూచుంటుంది.

“విద్యార్థినీ, ఉత్తర దిక్కు ఎచట కలదో సూచింపుము.”

ఆ పిల్ల చటుక్కున చెయ్యెత్తి, తిరుగుతున్న ఫ్యాను చూపించింది.

“దక్షిణము?”

తన కాళ్ళ దగ్గర నేల చూపించింది.

ఆయన నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. క్లాసంతటినీ అడిగితే అందరి వేళ్ళూ ఫ్యాను మీదికే లేచాయి. వెనక బెంచీలో ఒక్కడు మాత్రం చిటికెన వేలు ఎత్తాడు గానీ, వాడడిగేది వేరు.

నాకేమీ ఆశ్చర్యం వెయ్యలేదు. పటంలో పైవైపు ఉత్తరమని పుస్తకంలో ఉంది. బడి మొత్తానికి ఉన్న ఒకే ఒక్క దేశపటం, బోర్డు పక్కన పడమటి గోడకి వేలాడుతోంది. పటానికి పైన ఏముంది? ఫ్యాను. పిల్లల తర్కానికి వంక పెట్టడానికి లేదు. దీనికి మందు కూడా చాలా చిన్నది.

“సార్, పటాన్ని దించి, ఉత్తరం వైపు తలపెట్టి నేలమీద పరుద్దామండి. పిల్లలు చుట్టూ కూచుంటే ఒక్క పీరియడ్లో తేలిపోతుంది.”

“ఉత్తరము వైపు తలపెట్టి?” విశ్వంభరం గారి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. “నేలమీద? దేశమును? ఇంటిలో ముసలివారినైనా అటుల పడుకోబెట్టుదురా?”

“పోనీ, అదిగోనండి ఉత్తరం గోడ. ఖాళీగా ఉంది. ఓ మేకు కొట్టి అక్కడ తగిలిద్దాం.”

“ప్రభుత్వ గోడకు మేకు కొట్టుటకు ఇంజనీరింగు విభాగము వారి అంచనా, అటుపిమ్మట అనుమతి అవసరము.”

“అయితే కిటికీ ఊచలకి కట్టేద్దామండి.”

“దేశమును ఊచలకు బంధింతురా!”

ఇక నేను నోరు మూసుకున్నాను. అనసూయ మేడం మాత్రం, ఎందుకైనా మంచిదని, మేకు కోసం ఇంజనీరింగు వారికి ఓ దరఖాస్తు పెట్టారు.

విశ్వంభరం గారు జిల్లాకి వెళ్ళి కమిటీ వేశారు. లోపం ఎక్కడుందో కమిటీ వెతికింది. పిల్లల్లో ఉండటానికి వీల్లేదు, అలా రాస్తే డిపార్ట్‌మెంటుకి చెడ్డపేరు. పటంలో ఉండటానికి వీల్లేదు, అది అచ్చైపోయింది. మేస్టర్లలో ఉంది గానీ, అది పాత సంగతి, దానికి కమిటీ అక్కర్లేదు. ఇక మిగిలినవి దిక్కులే. వాటి తరఫున మాట్లాడే దిక్కు కమిటీలో ఎవరూ లేరు.

‘మన పటం – మన ఉత్తరం’ అనే పేరుతో వచ్చిన సర్క్యులర్ని అనసూయ మేడం స్టాఫ్‌రూంలో నిలబడి చదివారు.

“పటము వేలాడుచున్న గోడయే ఇకపై ఆ పాఠశాలకు ఉత్తరముగా పరిగణింపబడును. తదనుగుణముగా మిగిలిన మూడు దిక్కులు తమ స్థానములను సర్దుబాటు చేసుకొనవలెను. గేటు దాటగానే దిక్కులు మారినచో విద్యార్థి మనోవేదనకు గురియగు ప్రమాదమున్నందున, పాఠశాలను ఆనుకొని ఉన్న స్థలములకు, వాటి దస్తావేజులకు సైతము ఇదే ఉత్తరము వర్తించును.”

“ఇదెక్కడి చోద్యమండీ?” అన్నాను.

“చోద్యం కాదు మేస్టారూ, పైలట్ ప్రాజెక్టు,” అన్నారు మేడం కుర్చీలో కూలబడుతూ. “మన బడితోనే మొదలట.”

మా పటం పడమటి గోడకుంది కాబట్టి పడమర ఉత్తరమైంది. దాంతో ఉత్తరం తూర్పైంది, తూర్పు దక్షిణమైంది, దక్షిణం పడమరైంది. కుర్చీలాటలో పిల్లల్లా దిక్కులు నాలుగూ తలో కుర్చీ జరిగి కూచున్నాయి. ఏ గోడ ఏ దిక్కో నీలం రంగుతో పెద్దక్షరాల్లో రాయించాం. మర్నాడు పొద్దున సూర్యుడు దక్షిణాన ఉదయించాడు.

ప్రార్థనలో డ్రిల్లు మేస్టారు “దక్షిణముఖంగా, సూర్యుడికి ఎదురుగా నిలబడండి” అని కేకేస్తే పిల్లలు నిలబడ్డారు. పరీక్షలో ‘సూర్యుడు ఏ దిక్కున ఉదయించును’ అన్నదానికి తూర్పు అని రాసిన వాళ్ళకి సున్నా వెయ్యాల్సి వచ్చింది. వేశాను. ఉద్యోగం చేస్తున్నప్పుడు చెయ్యి మనది, సున్నా ప్రభుత్వానిది.

“మేస్టారండీ, మరి ఆదివారం పూట ఎటేపు పొడుత్తాడండీ?” అనడిగింది సత్యవేణి.

మేడాన్ని కనుక్కుని చెప్పాను. సెలవు రోజుల్లో పాత పద్ధతేనట.

బడి మొత్తం మీద ఎదురు తిరిగింది ఒక్కటే, సైన్సు ల్యాబులోని దిక్సూచి. ఎన్నిసార్లు బల్లమీద పెట్టినా దాని ముల్లు పాత ఉత్తరాన్నే చూపిస్తోంది. ఈ మధ్యలో ‘దిక్కుల అమలు ప్రత్యేకాధికారి’ అయిన విశ్వంభరం గారు వచ్చి, దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పారు. వేలితో తట్టారు.

“సర్క్యులరు అందిన పిదప కూడా ఇది ఇటులనే ప్రవర్తించుచున్నదా?”

“అవునండి.”

“వ్రాతపూర్వక వివరణ కోరుడు.”

వివరణ ఎవరు రాయాలో తేలక, మేడం ఆ దిక్సూచిని బీరువాలో పెట్టి తాళం వేశారు. లోపల అది ఎటు చూపించుకున్నా ధిక్కారం కిందికి రాదట. ఆ రోజు స్టాఫ్‌రూంలో అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం. తాతబ్బాయి గారు వచ్చేదాకా మాకు ఇదంతా నవ్వులాటే.

ఆయన గురించి చెప్పాలంటే ముందు మా బడి హద్దులు చెప్పాలి. అసలు దిక్కుల లెక్కన మా భవనానికి తూర్పున పిల్లల ఆటస్థలం. దక్షిణాన తాతబ్బాయి గారి ఫంక్షన్ హాలు. పడమర పంచాయతీ వారి బందెలదొడ్డి, అంటే ఊళ్ళో పొలాల మీద పడి మేసే పశువుల్ని తోలుకొచ్చి కట్టేసే దొడ్డి. ఉత్తరాన శ్మశానం. ఒకప్పుడు ఈ భూమంతా ఒకే కామందుది. అందుకని దస్తావేజులన్నీ ఒకే వరసలో ఉంటాయి. బడికి తూర్పున ఉన్నది ఆటస్థలం, బడికి దక్షిణాన ఉన్నది ఫలానా వారిది, అని. మన వైపు భూమికి కొలతలు తప్పినా హద్దులు తప్పవంటారు. ఆ మాట అన్నవాళ్ళకి విశ్వంభరం గారితో పరిచయం లేదు.

తాతబ్బాయి గారు మల్లెపువ్వులాంటి బట్టలు కట్టుకుని, రెండు చేతులూ జోడించుకుంటూ హెడ్మిస్ట్రెస్ గదిలోకి వచ్చారు.

“మేడం గారూ, నమస్కారమండి. నాదేం లేదండి, గవర్నమెంటోరి రూలు. బడికి దచ్చిణాన ఉన్న జాగా నాదని నా కాయితంలో ఉందండి. మీ గోడ మీద దచ్చిణం అని రాసినేపు చూత్తే మీ గ్రౌండు కనపడతందండి. హాలుకొచ్చే కార్లు పెట్టుకోటానికి చోటు లేక నేనేమో చచ్చిపోతన్నానాయె.”

“అది పిల్లల ఆటస్థలమండీ,” అన్నారు మేడం.

“అయ్యో, పిల్లల సొమ్ము తింటానా అండి, కళ్ళు పోవూ! ఆళ్ళది ఆళ్ళకుందండి. ఆటస్థలం బడికి తూరుపున అని కదండి రాసుంది? మీ తూరుపు అదిగోనండి.”

చెయ్యి చాచి శ్మశానం చూపించారు.

వారం తిరక్కుండా ఆటస్థలం చుట్టూ ముళ్ళకంచె లేచింది. ఖోఖో స్తంభాలు పీకి గోడవారన పడేశారు. మేడం విశ్వంభరం గారికి ఫోన్ చేస్తే, ఉత్తర్వుల ప్రకారం అంతా సక్రమమేనన్నారు. “పైగా శ్మశానము నిశ్శబ్ద ప్రదేశము. క్రీడాకారిణుల ఏకాగ్రతకు దోహదపడును,” అని కూడా సెలవిచ్చారు.

మండల పోటీలు దగ్గర పడుతున్నాయి. చేసేదేం లేక డ్రిల్లు మేస్టారు అమ్మాయిల్ని శ్మశానానికి తీసుకెళ్ళి, సమాధుల మధ్య ఉన్న కాస్త చదునులో స్తంభాలు పాతించారు. మొదటి రోజే ఓ శవం వచ్చింది. ఆట ఆపేసి పిల్లలంతా తలలు వంచుకుని నిలబడ్డారు. పాడె మోస్తున్నవాళ్ళలో ఒకాయన, “మీరు కానివ్వండమ్మా, మాకేం తొందర లేదు,” అన్నాడు. పిల్లలు కానివ్వలేకపోయారు.

మర్నాడు సత్యవేణి వాళ్ళమ్మ వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని మానుకుని, కూతుర్ని రెక్క పట్టుకుని మరీ తీసుకొచ్చింది.

“కాటికాడ ఆటలేంటండీ మేస్టారూ? ఆడపిల్లండి. రేపేదైనా గాలీ ధూళీ సోకితే ఎవరికి సెప్పుకోవాలండి? దీన్ని ఆట మాన్పించేత్తన్నాను. సదువుకుంటే సదువుకుంటది, లేకపోతే నాతో పాటు జీడిపిక్కలు కొడతది.”

ఏం చెప్పాలి, సర్క్యులరు నంబరు చెప్పాలా? సత్యవేణి మా ఇద్దర్నీ చూడటం లేదు. కిటికీలోంచి కంచె అవతల, తను రోజూ పరిగెత్తే చోటు చూస్తోంది. అక్కడ ఎవరిదో తెల్లకారు నిలబెట్టి ఉంది. ఆ పిల్లకి లెక్కలు రావు, ఇంగ్లీషు రాదు, బడికొచ్చేది ఆ నేల కోసం. ఆ నేలని గోడ మీది నీలం రంగు అక్షరం ఒకటి మింగేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ నవ్వినందుకు కూడా మండింది.

“మండల పోటీల దాకా ఆగమ్మా,” అని మాత్రం అనగలిగాను.

“గ్రౌండు గ్రౌండులో ఉంటే ఆగుతానండి,” అని వెళ్ళిపోయింది.

ఆ వారం పాఠం ‘మన ఊరి పటం’. పిల్లలు కొలతలు తీసుకుని, గుర్తులు పెట్టుకుని బడినీ చుట్టుపక్కల స్థలాల్నీ గీశారు. బడికి ఇల్లు గుర్తు, శ్మశానానికి రాళ్ళు, బందెలదొడ్డికి కొమ్ములు, ఫంక్షన్ హాలుకి అరిటాకు. దస్తావేజుల్లో ఉన్న పాత దిక్కులతో ఒకటి గీయించి, దాని మీద పల్చటి కాయితం వేసి సర్క్యులరు దిక్కులతో ఇంకొకటి గీయమన్నాను. సత్యవేణి పై కాయితాన్ని తిప్పుతూ, తిప్పుతూ ఒకచోట ఆగిపోయింది.

“మేస్టారండీ, హాలు మన గ్రౌండులోకొచ్చేత్తే, మరి హాలున్న జాగాలోకి ఎవరొత్తారండి?”

పోయిన నేల గురించి ఏడుస్తున్నామే గానీ, మిగిలిన మూడు వైపులా ఎవరం చూడలేదు.

“హాలు ఇప్పుడు ఏ దిక్కున ఉందే?”

“గోడ మీద పడమరని రాసుందండి.”

“బడికి పడమర ఏముందని దస్తావేజు?”

“బందెలదొడ్డండి!” అని క్లాసంతా ఒక్కసారి అరిచింది. తర్వాత అందరూ కలిసి ఫంక్షన్ హాలు వైపు చూశారు. అక్కడ తాతబ్బాయి గారి షష్టిపూర్తికి పందిరి వేస్తున్నారు.

సత్యవేణి పటాన్ని పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డులో పెట్టించాను. పంచాయతీ కార్యదర్శి రత్నరాజు సర్క్యులరుని భగవద్వాక్కుగా చూసే మనిషి. వాన పడుతున్నా, ఉత్తర్వు ఉంటే మొక్కలకి నీళ్ళు పోయిస్తాడు. పటం చూసి, సర్క్యులరు చదివి, మళ్ళీ పటం చూసి, పరిగెత్తుకుంటూ బడికొచ్చాడు.

“మేస్టారూ, దొడ్డి ఇప్పుడున్నది మీ గోడ మీద ఉత్తరమని రాసినేపేనాండి?”

“అవునండి.”

“ఉత్తరానుండాల్సింది శ్మశానం కదండి?” మొహం పాలిపోయింది. “అంటే ఇన్నాళ్ళూ నేను గొడ్లని శ్మశానంలో కట్టేత్తన్నానాండి! నోరులేని జీవాలండి. నేను రూలు తప్పి ఉజ్జోగం చేసే మనిషిని కాదండి.”

“అలాంటివారని ఎవరన్నారు?” అన్నాను.

షష్టిపూర్తి రోజున విశ్వంభరం గారు ముఖ్య అతిథి. మాకూ పిలుపులున్నాయి. పట్టుపంచె, మెడలో గజమాలతో తాతబ్బాయి గారు పీటల మీద కూచున్నారు. పురోహితుడు ఆయన్ని తూర్పుముఖంగా కూచోమంటే, ఏ తూర్పుకని కాసేపు తర్జనభర్జన జరిగింది. అది తేలకముందే గేట్లోంచి రత్నరాజు పశువుల మందతో వచ్చాడు.

ముందు వచ్చిన ఆవు గుమ్మానికి కట్టిన అరటిబోదెలతో మొదలుపెట్టింది. గేదెలు తిన్నగా భోజనాల బల్లల దగ్గరికి వెళ్ళి, వడ్డించకుండానే ఆకులు తినేశాయి. చుట్టాలు కుర్చీలెక్కారు.

“ఎవడ్రా ఈ గొడ్లని తోలింది!” తాతబ్బాయి గారు పీట మీంచి లేచారు. లేచేసరికి ఓ దున్న ఆయన గజమాల కొసని నోట పట్టుకుంది.

రత్నరాజు సర్క్యులరు తీసి చేతులు జోడించాడు. “నమస్కారమండి. నాదేం లేదండి, గవర్నమెంటోరి రూలు. ఇది బందెలదొడ్డండి. అసలు దొడ్డిలో పందిరేసింది ఎవరండి?”

“ఒరే, మా చుట్టాలున్నారు లోపల!”

“ఉంటారండి. కానీ దొడ్డిలో ఉన్న ప్రాణుల్ని ఊరికే ఒదలకూడదండి. ఎవరి తాలూకు ఆళ్ళొచ్చి బందె కట్టి విడిపించుకోవాలండి. ఆయ్.” గేటు మూసి గొళ్ళెం పెట్టాడు.

విశ్వంభరం గారు కూడా ఓ కుర్చీ మీద నిలబడి ఉన్నారు. ఆయన ఎవరి తాలూకో, విడిపించుకోవడానికి ఎవరు రావాలో రత్నరాజుకి తేలలేదు.

“మీ సర్క్యులరు రద్దు చేసెయ్యండి బాబూ!” అని తాతబ్బాయి గారు మొత్తుకున్నారు.

“అసాధ్యము. పథకము నూరు శాతము విజయవంతమైనదని నివేదిక పంపితిని. విజయవంతమైన దానిని రద్దు చేయుటకు నిబంధనలు లేవు.”

మందని చూడగానే బయటికి తప్పుకున్న నేను, అప్పుడు గేటు ఇవతలినుంచి అన్నాను. “రద్దు చెయ్యక్కర్లేదండి. పటమున్న గోడే ఉత్తరమన్నారు కదా. పటాన్ని ఉత్తరపు గోడకి మార్చేస్తే సర్క్యులరు అలాగే ఉంటుంది. దిక్కులూ వాటి ఇళ్ళకి వెళ్ళిపోతాయి. ఒక్క మేకు చాలు.”

“మేకు విషయమై ఇంజనీరింగు విభాగము వారి అనుమతి...” అంటూ ఉండగా ఓ గేదె వచ్చి ఆయన నిలబడ్డ కుర్చీకి వీపు రుద్దుకోవడం మొదలుపెట్టింది. కుర్చీ ఊగింది.

“అనుమతి ఇచ్చినట్లుగా భావింపబడును!” అని విశ్వంభరం గారు అరిచారు. ఆయన నోట అంత వేగంగా ఒక ఉత్తర్వు రావడం నేనెప్పుడూ చూళ్ళేదు.

గవర్నమెంటు గోడకి గవర్నమెంటు మనిషి మేకు కొడితే రేపు తనిఖీలో చిక్కు. అందుకని తాతబ్బాయి గారే కొట్టాలని రత్నరాజు తేల్చి, ఆయనొక్కర్నీ గేటు బయటికి వదిలాడు. పట్టుపంచె ఎగ్గట్టుకుని, దున్న నమిలి వదిలిన దండ మెడలో వేలాడుతుంటే, ఏడో తరగతి బల్ల మీదికెక్కి ఆయన మేకు కొట్టారు. మొదటి దెబ్బ వేలి మీద పడింది. పడమటి గోడ మీంచి పటం దించి నేను అందించాను. అది ఉత్తరం గోడకెక్కగానే రత్నరాజు గేటు తీయించి, పశువుల్ని గౌరవంగా పడమటి దొడ్డికి తోలుకుపోయాడు. చుట్టాలు కుర్చీలు దిగారు.

ఆ సాయంత్రం కంచె తీస్తుంటే ఆగలేక, సత్యవేణి తీగల కిందనుంచే దూరి పరిగెత్తింది. చివరిదాకా పోయి, మళ్ళీ ఈ చివరికి వచ్చి, మళ్ళీ పోయింది. స్తంభాలు పాతేదాకా కూడా ఆగలేదు. వాళ్ళమ్మ ఫ్యాక్టరీ నుంచి వస్తూ గోడ దగ్గర కాసేపు నిలబడి, కూతుర్ని పిలవకుండానే ఇంటికెళ్ళింది. నా కళ్ళు తడిశాయి, అందులో దాచుకోవడానికేముంది.

తర్వాతి నెలలో విశ్వంభరం గారు, పథకం ఫలితాల మీద తుది నివేదిక కోసం, మళ్ళీ ఆకస్మికంగా వచ్చారు. తాగునీటి ఆవశ్యకత తీరాక సత్యవేణిని లేపారు.

“విద్యార్థినీ, ఉత్తర దిక్కు సూచింపుము.”

సత్యవేణి పటమున్న గోడ చూపించింది. ఆయన సంతోషంగా ఒక టిక్కు పెట్టుకున్నారు.

“సూర్యుడు ఏ దిక్కున ఉదయించును?”

“తూర్పునండి.”

ఆయన కలం ఆగింది. పాత నివేదిక తిరగేసి చూసుకున్నారు. అందులో దక్షిణమని ఉంది.

“ఎప్పటి నుండి?”

“తాతబ్బాయి గారు మేకు కొట్టిన కాడ్నించండీ.”

విశ్వంభరం గారు తల పంకించి, అలాగే రాసుకున్నారు.